కంప్యూటరు విద్యయు మన పిల్లలును

పదవ తరగతి ఫలితములు వెలువడిన వారమున మన పాఠశాల కార్యాలయము ముందు తల్లిదండ్రులు బారులు తీరుట యేటేట జరుగుచున్నదే. ప్లస్ వన్ తరగతిలో పిల్లవానికి ఏ గ్రూపు, పిల్లకు ఏ గ్రూపు అను ప్రశ్న అప్పుడు తలయెత్తును. “వానికి కంప్యూటరు సైన్సు వ్రాయుడు, అమ్మాయికి ఏదో సులువైనది చాలును” అను మాట అచ్చట తరచుగా వినబడుచుండును. గణితములో అన్నకంటె చెల్లెలికే హెచ్చు మార్కులు వచ్చిన యిండ్లవారును ఈ మాట యనుచుండుట విచిత్రము. అట్లనువారు పిల్లమీద ప్రేమ లేనివారు కారు. రాత్రిపూట ఉద్యోగములు, దూరపు ఊళ్లు, ఆడపిల్లకు యంత్రములతో పనియేమి యను తలపు, ఆంగ్లము రాదను జంకు - ఇవన్నియు కలిసి వారిచేత ఆ మాట పలికించుచున్నవి. ఈ భయములలో కొన్నింటికి ఆధారము కలదు, కొన్నింటికి లేదు. వానిని విడదీసి చూపుటకే యీ వ్యాసము.

ముందుగా కంప్యూటరు విద్య యనగా నేమో చెప్పవలసియున్నది. మనలో చాలమంది దానిని టైపు కొట్టుట యనియో, మీటలు నొక్కుట యనియో తలంచుచున్నారు. గణకయంత్రమని పండితులు కొందరు పేరు పెట్టిరి గాని జనుల నోట కంప్యూటరే నిలిచినది. ఆ యంత్రమునకు స్వంత బుద్ధి లేదు. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఏ మెట్టు తరువాత ఏది చేయవలెనో, ఎంతవరకు చేసి ఎచ్చట ఆగవలెనో సందేహమునకు తావులేకుండ వ్రాసి యిచ్చినచో అది చేయగలదు. అట్లు వ్రాసియిచ్చు నేర్పే యీ విద్యకు ప్రాణము. తక్కినదంతయు దాని చుట్టు అల్లుకొన్నదే.

ఈ నేర్పు మన యాడపిల్లలకు కొత్తది కాదు. వాకిట ముగ్గు పెట్టు పిల్లను చూడుడు. ఏడు చుక్కలు సందు చుక్క ఒకటి వరకు అని తల్లి చెప్పును. పిల్ల నడుమ వరుసలో ఏడు చుక్కలు పెట్టును, దాని పైన, క్రింద, చుక్కల సందులకు ఎదురుగా ఆరేసి, మరల ఐదేసి, ఒక్క చుక్క మిగులువరకు ఇట్లే. తల్లి చెప్పినది ఆరు మాటలు. వాకిట పడినవి 49 చుక్కలు. తొమ్మిది చుక్కల ముగ్గయినచో 81 పడును. పదునైదు చుక్కలదయినచో 225. మొదటి వరుసలోని సంఖ్యను దానితోనే గుణించిన మొత్తము వచ్చును. ఎందుకట్లు వచ్చుచున్నదో కాగితముపై గీసి చూచిన ఎనిమిదవ తరగతి పిల్లకు తేటపడును. ఒక సంఖ్యతో మొదలుపెట్టుట, ఒక్కొక్కటి తగ్గించుకొనుచు ఒకే పనిని మరల మరల చేయుట, ఒకటి రాగానే ఆగుట - కంప్యూటరునకు వ్రాసియిచ్చు క్రమణికలలో నూటికి తొంబది యీ మూడు పనులతోనే నడచుచుండునని చెప్పిన అతిశయోక్తి కొంచెమే యగును.

ఇది మాటవరుసకు చెప్పిన పోలిక కాదు. మద్రాసు తాంబరములోని క్రైస్తవ కళాశాలలో గణితాచార్యులుగా నుండిన శ్రీమతి రాణి సిరోమణి గారు, ఆమె భర్త గిఫ్టు సిరోమణి గారు, ఆమెకు శిష్యురాలైన శ్రీమతి కమలా కృతివాసన్ గారు కలిసి 1974లో కోలములను గూర్చి ఒక పరిశోధన వ్యాసము ప్రకటించిరి. తమిళులు కోలమనునది మన ముగ్గే. వాక్యములకు వ్యాకరణ మున్నట్లే ముగ్గులకును వ్యాకరణ మున్నదనియు, కొలది సూత్రములనుండి అంతులేనన్ని ముగ్గులను పుట్టింపవచ్చుననియు వారు చూపిరి. కంప్యూటరు శాస్త్రములో ఈ శాఖకు ప్రపంచ విద్వాంసులలో గౌరవము కలదు. రాణి సిరోమణి గారు 1929లో పుట్టి 2019లో గతించిరి. కమలా కృతివాసన్ గారు తరువాత మద్రాసు ఐ.ఐ.టి.లో కంప్యూటరు శాస్త్రాచార్యులై ఎందరికో గురువైరి. మన పిల్లలు బస్సెక్కి పోగల దూరములో, మన వాకిళ్లలోని చుక్కలనుండి, ఇద్దరు స్త్రీలు పాల్గొని యింత శాస్త్రమును తీసిరి. ఈ సంగతి మన యిండ్లలో తెలియకుండుట నాకు వెలితిగా తోచుచున్నది.

మగ్గము సంగతియు అట్టిదే. 1804లో ఫ్రాన్సు దేశపు జకార్డు అను నతడు చిల్లులు పొడిచిన అట్టలతో పూలబుటాలు నేయు మగ్గమును సిద్ధపరచెను. అట్ట మార్చిన బుటా మారును. షోలాపురములో తరతరములుగా స్థిరపడిన మన పద్మశాలీల యిండ్లవారికి జకార్డును గూర్చి నేను చెప్పనక్కరలేదు. ఆ యూరి దుప్పట్ల యందము దాని చలవయే. ఆ చిల్లుల అట్టలనే తన లెక్కల యంత్రమునకు వాడుకొనవలెనని ఇంగ్లండులో బాబేజి అను గణితజ్ఞుడు సంకల్పించెను. ఆ యంత్రము పూర్తికాలేదు. కాని 1843లో ఏడా లవ్‌లేస్ అను నామె దానిని వివరించుచు వ్రాసిన టిప్పణములలో, బెర్నూలీ సంఖ్యలనెడి కఠినమైన లెక్కను ఆ యంత్రముచేత ఏ వరుసను చేయింపవచ్చునో పట్టికగా కూర్చి చూపెను. పెక్కుమంది దానిని లోకమున ప్రచురితమైన తొలి క్రమణికగా ఎంచుచున్నారు. సంఖ్యలే కాక సంగీతమువంటి యితర విషయములను గూడ అట్టి యంత్రము నడపగలదని ఊహించినది ఆమెయే. అప్పటికి ఆమె వయస్సు 27 సంవత్సరములు.

ఇక కంప్యూటరు అను మాట. అది మొదట యంత్రమునకు పేరు కాదు. లెక్కలు చేయు మనిషికి పేరు. నక్షత్రశాలలలోను, విమాన పరిశోధనశాలలలోను బల్లలముందు కూర్చుండి దినమెల్ల లెక్కలు కట్టువారిని కంప్యూటర్లనుచుండిరి. వారిలో స్త్రీలు పెక్కురు. అమెరికాలో క్యాథరిన్ జాన్‌సన్ అను నల్లజాతి మహిళ అట్టి ఉద్యోగినియే. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ భూమిని చుట్టివచ్చుటకు బయలుదేరకముందు, యంత్రము కట్టిన లెక్కను ఆమె చేత సరిచూపించవలెనని ఆయన కోరెనట.

రెండవ ప్రపంచయుద్ధము చివర ఫిలడెల్ఫియా నగరమున ఎనియాక్ అను పెద్ద విద్యుత్ గణకయంత్రమును కట్టినప్పుడు, దానిచేత పని చేయించుటకు 1945లో ఆరుగురు యువతులను ఎన్నుకొనిరి. వారికి పాఠ్యపుస్తకము లేదు, గురువు లేడు. యంత్రపు తీగల పటములను చదువుకొని తామే నేర్చుకొనిరి. 1946 ఫిబ్రవరిలో లోకమునకు ఆ యంత్రమును చూపిన దినమున అది చేసిన లెక్కను సిద్ధపరచినవారు జీన్ జెన్నింగ్సు, బెట్టీ స్నైడరు అను ఇద్దరు. నాటి రాత్రి జరిగిన విందునకు వారికి పిలుపు రాలేదు. పత్రికలలో పడిన ఛాయాపటములలో వారు యంత్రము ప్రక్కన నిలువబెట్టిన నమూనా స్త్రీలని చాలకాలము చూపరులు భ్రమించిరి. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట గాని, 1997లో, వారి పేర్లకు గౌరవము దక్కలేదు. మనుష్య భాషకు దగ్గరగా వ్రాసిన దానిని యంత్రము తన భాషలోనికి తానే మార్చుకొను ఉపాయమును 1952లో తొలుత సాధించినవారిలో గ్రేసు హాపర్ గారు ముఖ్యులు. బ్యాంకులలో దశాబ్దములపాటు లెక్కలు నడపిన కోబాల్ భాష 1959లో రూపొందినప్పుడు ఆమె కృషియే దానికి మూలాధారమైనది.

ఇంత చరిత్ర యుండగా ఇది మగవారి విద్య యను తలపు ఎచ్చటనుండి వచ్చినది? ఈ ప్రశ్నకు జవాబు తల్లిదండ్రులకే ముఖ్యముగా పనికివచ్చును గనుక కొంచెము విస్తరించి చెప్పెదను.

అమెరికాలో 1984 ప్రాంతమున కంప్యూటరు శాస్త్ర పట్టభద్రులలో స్త్రీలు నూటికి 37 మంది యుండిరి. అటుపిమ్మట వైద్యములోను, న్యాయశాస్త్రములోను స్త్రీల సంఖ్య పెరుగుచునే వచ్చినది. దీనిలో మాత్రము తగ్గి తగ్గి 20కి లోబడినది. అమ్మాయిల తెలివి ఆ యిరువది యేండ్లలో తగ్గిపోయినదా? లేదు. ఆ కాలముననే చిన్న కంప్యూటర్లు ఇండ్లలోనికి వచ్చినవి. వ్యాపారులు వానిని మగపిల్లల ఆటవస్తువులుగా ప్రకటించి అమ్మిరి. ఇంటిలోనికి వచ్చిన యంత్రము కొడుకు గదిలో చేరినది. తండ్రి కొడుకు ప్రక్కన కూర్చుండి నేర్పెను. కూతురు అప్పుడప్పుడు తొంగిచూచెను. కళాశాలలో చేరునాటికి పిల్లవానికి నాలుగైదేండ్ల అలవాటున్నది, పిల్లకు లేదు. ఉపాధ్యాయులు అలవాటున్నవానిని తెలివిగలవానిగను, లేనిదానిని మందమతిగను ఎంచిరి. పిల్లయు అట్లే నమ్మి మానుకొన్నది.

పిట్సుబర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అను ఇద్దరు ఈ సంగతిని సంవత్సరములపాటు విద్యార్థులతో మాటలాడి కనుగొనిరి. 1995లో అచ్చట కంప్యూటరు తరగతిలో చేరినవారిలో అమ్మాయిలు నూటికి 7 మందియే. పూర్వానుభవము లేనివారికి వేరు తరగతితో మొదలుపెట్టిరి. ప్రవేశమునకు పూర్వానుభవము పట్టుపట్టుట మానిరి. ఈ విద్య దేనికి ఉపయోగపడునో పాఠముతోపాటు చూపిరి. 2000 నాటికి ఆ సంఖ్య 42కి పెరిగినది. పాఠపు కాఠిన్యమును తగ్గింపలేదు. మన తెలుగువారికి సంతోషకరమైన విషయమొకటి ఇచ్చట చెప్పవచ్చును: ఆ విశ్వవిద్యాలయముననే కంప్యూటరు శాస్త్రమునకు పెద్దదిక్కుగా నుండిన రాజ్ రెడ్డి గారు నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున పుట్టి, మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టము పొందినవారు, 1994లో ట్యూరింగు బహుమానము నందిరి. పల్లె తెలుగునుండి ఆ మెట్టునకు పోవుటకు దారి లేదనుకొనుట తప్పని చెప్పుటకే ఈ ప్రస్తావన. అదే బహుమానమును 2006 సంవత్సరమునకు ఫ్రాన్సెస్ అలెన్ గారు, 2008 సంవత్సరమునకు బార్బరా లిస్కోవ్ గారు, 2012 సంవత్సరమునకు షఫీ గోల్డ్‌వాసర్ గారు పొందిరి.

మన దేశపు పరిస్థితి అమెరికా దానివంటిది కాదు. ఇచ్చట కంప్యూటరు చదువులో అమ్మాయిల సంఖ్య ఆ దేశముకంటె ఎక్కువ. రోలీ వర్మ గారను ఆచార్యురాలు మన దేశపు విద్యార్థినులతో మాటలాడి తెలిసికొన్నదేమనగా, నీడపట్టున కూర్చుండి చేయు పని, మంచి జీతము, గౌరవము గలది గనుక ఇది ఆడపిల్లలకు తగిన పనియని వారును, వారి తల్లిదండ్రులును తలంచుచున్నారట. అయితే పై మెట్లలో సంఖ్య పలుచబడుచున్నది. ఐ.ఐ.టి.లలో 2016 నాటికి చేరినవారిలో అమ్మాయిలు నూటికి 8 మంది ప్రాంతముననే యుండిరి. కారణము ఊహింపరానిది కాదు. ఆ ప్రవేశ పరీక్షకు రెండేండ్లు శిక్షణ కావలెను. కొడుకును దూరపు ఊరికి పంపి లక్షలు కట్టుదుము, కూతురును పంపము. 2018 నుండి ఆ సంస్థలు అమ్మాయిలకై అదనపు సీట్లను ఏర్పరచినవి. 2018లో నూటికి 14, 2019లో 17, 2020లో 20 అను లక్ష్యములు పెట్టుకొనిరి. అవి అదనపు సీట్లు గనుక మగపిల్లల సీటు ఒక్కటియు తగ్గలేదు. ప్రవేశ పరీక్షలో అర్హత పొందనిదే ఆ సీటు ఎవరికిని దొరకదు. ఈ సంగతి తెలియక, “ఆడపిల్లలకు ఊరకే ఇచ్చుచున్నారు” అనువారు మనలోను కలరు.

పెండ్లి, బిడ్డలు అను ఆక్షేపణ యొకటి. ఇంగ్లండులో స్టెఫనీ షర్లీ గారు 1962లో ఒక చిన్న సంస్థ పెట్టి, బిడ్డలను పెంచుచు ఉద్యోగము మానుకొన్న స్త్రీలకు ఇంటివద్దనే కూర్చుండి క్రమణికలు వ్రాయు పని కల్పించిరి. తొలి యుద్యోగులలో దాదాపు అందరును స్త్రీలే. స్త్రీ పేరుతో వ్రాసిన ఉత్తరములకు వ్యాపారస్థులు బదులీయకపోగా, ఆమె స్టీవ్ అని సంతకము చేయ మొదలుపెట్టిరి. అప్పుడు బదులు వచ్చినది! కాన్‌కార్డ్ విమానపు వివరములను నమోదుచేయు పెట్టెకు కావలసిన క్రమణికలను ఆ గృహిణులే వ్రాసిరి.

“ఇప్పుడు యంత్రమే క్రమణికలు వ్రాయుచున్నదట గదా, ఇక ఈ చదువెందులకు?” అని గత రెండు మూడేండ్లుగా పలువురు అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే. కొన్ని తరగతుల ఉద్యోగములు తగ్గవచ్చును. ఫలానా ఉద్యోగము పదేండ్ల తరువాత తప్పక యుండునని ఎవ్వరును హామీ ఇయ్యజాలరు. 1950లలో హాపర్ గారి ఉపాయము వచ్చినప్పుడును దానిని స్వయంచాలక క్రమణిక యనియే పిలిచిరి. అప్పుడు పని రూపు మారినది గాని పనివారు మాయము కాలేదు. నేడును యంత్రము వ్రాసినది సరియైనదో కాదో పరీక్షించుటకు, అసలు ఏమి కావలెనో తేటగా చెప్పుటకు మనుష్యులు కావలెను. దానికి లోతైన చదువే కావలసినది. మూడు నెలల పైపై శిక్షణ చాలదు. వీధివీధిని వెలసిన శిక్షణాలయములకు ఫీజు కట్టుటకు ముందు ఈ మాట తలంచుకొనవలెను.

ఆంగ్లమును గూర్చి. ఉన్నత తరగతులకు ఆంగ్లము కావలసినదే, కాదనుట మోసము. కాని మొదటి మెట్టు తెలుగులోనే ఎక్కవచ్చును. యూనికోడ్ అను అంతర్జాతీయ లిపిపట్టికలో తెలుగక్షరములకు 1991 నుండియు స్థానము కలదు. పైథాన్ భాషలో 2008 నాటి మార్పునుండి పేర్లను తెలుగు లిపిలోనే పెట్టవచ్చును. చుక్కల సంఖ్యకు చుక్కలు అనియే పేరు పెట్టి ముగ్గు లెక్క వ్రాసిన యంత్రము కాదనదు. నాలుగైదు ఆంగ్ల పదములు తప్ప తక్కినది పిల్ల తన భాషలో ఆలోచింపవచ్చును. ఇంట తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో, పుస్తకములో ఆంగ్లము - ఇన్ని భాషల నడుమ పెరుగు మన పిల్లలకు ఇంకొక కృత్రిమ భాష నేర్చుట ఇతరులకంటె కష్టము కారాదు.

ఇక తల్లిదండ్రులు చెవిని బెట్ట వెనుకాడు విషయ మొకటి చెప్పవలసియున్నది. మగపిల్లవాడనిగాని ఆడపిల్లయనిగాని ఏ పేరును తమకు సరిపడదని తోచు పిల్లలును, పుట్టినప్పుడు ఇతరులు పెట్టిన పేరు తమది కాదని తెలిసికొనిన పిల్లలును మన తరగతులలో కలరు. ఇది నేటి నాగరికత తెచ్చిన వింత కాదు. మన పురాణములలోను, మన ఊళ్లలోను అట్టివారు ఎప్పుడును ఉండిరి. వింత యేమనగా, వారిని చదువునకు దూరము చేయుటయే. ఎగతాళికి తాళలేక ఎనిమిది తొమ్మిది తరగతులలోనే బడి మానివేయువారు వీరిలో కలరు.

లిన్ కాన్వే అను శాస్త్రజ్ఞురాలి కథ వినుడు. పుట్టుకలో మగవాడని వ్రాయబడిన ఆమె 1960లలో ఐ.బి.ఎం. సంస్థలో వేగవంతమైన కంప్యూటర్ల నిర్మాణములో గొప్ప ఉపాయము కనిపెట్టెను. స్త్రీగా జీవింప నిశ్చయించుకొన్నందున 1968లో ఆ సంస్థ ఆమెను తొలగించెను. ఆమె తన గతమును దాచుకొని క్రింది మెట్టునుండి మరల ఆరంభించెను. కార్వర్ మీడ్ గారితో కలిసి ఆమె వ్రాసిన పుస్తకము 1980లో వెలువడినది. ఒక చిన్న బిళ్లపై వేలకొలది విద్యుత్ సాధనములను పొందుపరచు విద్యను ఒక తరము ఇంజనీర్లు దానినుండియే నేర్చిరి. మన చేతిలోని ఫోనులు ఆ విద్య ఫలములే. తొలగించిన 52 ఏండ్లకు, 2020లో, ఆ సంస్థ ఆమెను క్షమాపణ కోరెను. 2024లో ఆమె గతించిరి. ఆమె స్త్రీనని చెప్పుకొనిరి. రెండు పేర్లలో దేనిని ఒప్పుకొనని పిల్లల సంగతి కొంత వేరు. అయినను తరగతి గదిలో వారికి తగులు దెబ్బ ఒక్కటియే.

మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన తీర్పులో మూడవ లింగమును గుర్తించినది. విద్యాసంస్థలలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై వివక్ష కూడదని 2019లో పార్లమెంటు చట్టము చేసినది. అయితే పైన చెప్పిన ఐ.ఐ.టి. అదనపు సీట్లు స్త్రీలకు మాత్రమే. ఈ పిల్లలు సామాన్య జాబితాలోనే పోటీపడవలసియున్నది. సీటు వచ్చినను ఏ హాస్టలులో ఉండవలెనను ప్రశ్న మిగులును. కనుక కళాశాలను ఎన్నుకొనునప్పుడు ర్యాంకుతోపాటు ఈ సంగతిని గూడ ముందే విచారించుట తల్లిదండ్రులకు విధి. పిల్ల తన్ను పిలువుమని కోరిన పేరుతో పిలుచుటకు మాత్రము ఏ కళాశాల అనుమతియు అక్కరలేదు.

ఇంటిలో చేయదగినవి చాల లేవు, ఉన్నవి చిన్నవి. యంత్రము ఒక్కటే యున్నచో గంటలు పంచవలెను. చిన్నవాడు ఆటలాడుచుండగా పెద్దపిల్ల వంటింటిలో ఉండుట పంపకము కాదు. యంత్రమే లేనిచో పాఠశాల కంప్యూటరు గదిని సాయంకాలము వాడుకొనవచ్చును. అమ్మాయిలు ఆగుటకు వెనుకాడునది ఇంటికి తిరిగి వచ్చు బస్సు కొరకే గనుక, ఒక వీథి పిల్లల తల్లులు వంతులవారీగా వచ్చి తీసికొనిపోవు ఏర్పాటు మేలు. స్క్రాచ్ అను పిల్లల క్రమణిక సాధనము 2007 నుండి ఖర్చులేకుండ లభించుచున్నది. ఆరవ తరగతినుండియే మొదలుపెట్టవచ్చును. తొమ్మిదవ తరగతిలో గణితము సడలినచో ప్లస్ వన్‌లో గ్రూపు ఎన్నుకొనుట మన చేతిలో ఉండదు. ట్యూషను పెట్టదలచిన అప్పుడే పెట్టవలెను.

డబ్బు విషయమై: సాంకేతిక విద్యలో డిప్లొమాకో డిగ్రీకో చేరిన అమ్మాయిలకు ఏ.ఐ.సి.టి.ఇ. వారు ప్రగతి అను విద్యార్థివేతనము ఏటికి 50,000 రూపాయల చొప్పున ఇచ్చుచున్నారు. కుటుంబపు వార్షికాదాయము 8 లక్షలకు మించరాదు. ఒక ఇంటినుండి ఇద్దరు కూతుళ్లవరకు అర్హులు. నిబంధనలు ఏటేట మారవచ్చును గనుక ఆ సంవత్సరపు ప్రకటన చూచుకొనవలెను. ఆదాయ ధ్రువపత్రము, పిల్ల పేరున బ్యాంకు ఖాతా, రెంటిలోను పేరు ఒకే అక్షరములతో ఉండునట్లు పదవ తరగతి పరీక్ష రుసుము కట్టునాటికే సరిచేసికొనుట మంచిది. తెలుగు ఇంటిపేర్లు తమిళపు మొదటి అక్షరములుగా మారి, ఒక్కొక్క కాగితములో ఒక్కొక్క విధముగా పడుట మన పిల్లలకు తరచు వచ్చు చిక్కు. ప్రధానోపాధ్యాయులను ముందుగా కలిసికొనిన అది సులభముగా తీరును.